బల్ల అంచు మీద గాట్లు

దుప్పటి తియ్యనంతవరకూ ఏమీ జరగనట్టే అనుకున్నాడు. అనుకున్న మరుక్షణం ఆ తెలివికి తనకే సిగ్గేసింది. అరవై రెండేళ్ళ మనిషి, సర్వేయరుగా చేసి రిటైరైనవాడు, అక్క ఇంటి ముందుగదిలో పేముకుర్చీ అంచున, చదవకుండా పరీక్షకొచ్చిన పిల్లాడిలా మోకాళ్ళు దగ్గరపెట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా కిటికీ పక్కన అక్క కుట్టుమిషను, దాని మీద తనే కప్పిన పాత దుప్పటి. అరగంట క్రితం ఆ దుప్పటి కుచ్చిళ్ళు సర్దుతూ ఎంత మురిసిపోయాడు! అక్క రాగానే ఏ కొస పట్టుకుని లాగాలో, లాగి ఏమనాలో కూడా రిహార్సల్ వేసుకున్నాడు. ఇప్పుడా దుప్పటి వంక చూడబుద్ధి కావటం లేదు, చూడకుండా ఉండబుద్ధీ కావటం లేదు. గోడ గడియారంలో మూడూ ఐదు. మేనకోడలు ఫోన్ పెట్టేసి రెండు నిమిషాలైనా కాలేదు.

"కంటి ఆసుపత్రిలో పనైపోయింది మావయ్యా, మందులు కొనుక్కుని బయల్దేరతాం, గంటలో ఇంట్లో ఉంటాం" అంది మేనకోడలు. డాక్టరేమన్నాడని అడిగాడు. "ఏముంది, ఎడమ కన్ను ఎప్పుడో పోయిందిగా. కుడి కంట్లో వెలుతురూ నీడా తెలుస్తాయంట, అంతకన్నా ఆశ పెట్టుకోవద్దన్నాడు. అమ్మేం బాధపడట్లేదు మావయ్యా. బయటికి రాగానే ఒక్కటే అడిగింది, మిషను వచ్చిందా అని. వచ్చిందన్నాను. అప్పట్నుంచీ హుషారుగా ఉంది. రేపట్నుంచి పక్కింటివాళ్ళ కర్టెన్లు మొదలుపెడుతుందంట." అక్కడితో ఆగి ఉంటే ఈ గంట హాయిగా గడిచిపోయేది. ఆగలేదు. "అన్నట్టు మావయ్యా, ఆ బల్ల అంచు మీద గాట్లూ, సూది పక్కన గోళ్ళరంగు చుక్కలూ అలాగే ఉన్నాయిగా? ఏడాదిగా వాటిని తడుముకునే కుడుతోంది. టేపు కనబడదుగా మరి." అతను "ఆఁ ఆఁ" అన్నాడు. ఉన్నాయనీ కాదు, లేవనీ కాదు, వట్టి ఆఁ ఆఁ. ఆఫీసులో ముప్ఫై నాలుగేళ్ళు పైవాళ్ళ దగ్గర పలికిన ఆఁ ఆఁ, ఇవాళ అక్క కూతురి దగ్గర పలికాడు.

చెప్పింది కదా అక్క. స్పష్టంగా చెప్పింది. పన్నెండు రోజుల క్రితం ఇదే గదిలో ఇదే కుర్చీలో కూర్చుని టీ తాగుతుంటే, "ఒరే చిన్నోడా, దారం ఊరికే తెగిపోతోందిరా, కాస్త చూసి పెట్టు. ఇంకేం ముట్టుకోకు" అంది. ఇంకేం ముట్టుకోకు. తమ్ముడికి శ్రమ ఎందుకని మొహమాటానికి అంటోంది కాబోలు అనుకున్నాడు. అవతలివాళ్ళు వద్దంటే మొహమాటం, ఊరుకుంటే ఒప్పుకోలు, అంతేగా తన లెక్క! షెడ్డుకి తీసుకెళ్ళి చూస్తే జబ్బు ఇంతే. సూది దిగే రంధ్రం అంచున పిసరంత గరుకు లేచింది, దారం అక్కడ ఒరుసుకుని తెగుతోంది. సన్నటి గరుకు కాగితాన్ని పురిపెట్టి ఆ కంతలో నాలుగుసార్లు తిప్పాడు, రెండు చుక్కల నూనె వేశాడు, పాత గుడ్డముక్క మీద మూరెడు కుట్టి చూశాడు. గిన్నెలో నీళ్ళు పోసినట్టు సాఫీగా సాగింది కుట్టు. పది నిమిషాలు పట్టింది మొత్తం. ఆ సాయంత్రమే తెచ్చి ఇచ్చేసి ఉంటే మంచి తమ్ముడు అనిపించుకునేవాడు. మంచి తమ్ముడు చాలలేదు అతనికి.

మిగతా పదకొండు రోజులూ ఏం చేశాడో తలుచుకుంటుంటే చెవులు వేడెక్కుతున్నాయి. చెయ్యడానికి అదేం పాడుపని కాదు, అతనికున్న ఒకే ఒక్క సరదా. రిటైరయ్యాక పెరటి షెడ్డులో మొదలైంది. తుప్పుపట్టి, ఎవరూ అడగని పాత కుట్టుమిషన్లు తెచ్చుకుని, మర మరా విప్పి, కిరసనాయిల్లో నానబెట్టి, పళ్ళు తోమే బ్రష్షుతో తోమి, బిగుసుకుపోయిన చక్రం మొదటిసారి టకటకమని తిరిగినప్పుడు ఒంటరిగా చప్పట్లు కొట్టుకోవడం. ఇప్పటికి పద్నాలుగయ్యాయి. "గుండీ కుట్టుకోవడం చేతకాని మనిషికి పద్నాలుగు మిషన్లు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్విస్తుంది భార్య. నవ్వనీ. కానీ అక్క మిషను వేరు కదా. దానికి తన పనితనమంతా చూపించాలనుకున్నాడు. పాత పాలిష్ గీకేశాడు. సూది పక్కన తళతళలాడాల్సిన ఇనుము మీద ఎర్రగా గడ్డకట్టిన నాలుగు చుక్కలు కనిపిస్తే, ఎవరో పిల్లలు ఆడుకుంటూ పోసి ఉంటారని రంగు కరిగించే థిన్నరులో తడిపిన దూదితో ఒక్క తుడుపు తుడిచేశాడు. బల్ల ముందు అంచు చూస్తే ఎలక కొరికినట్టు గాట్లే గాట్లు, ఒకటి చిన్నది ఒకటి పెద్దది, అక్కడక్కడా అడ్డగీతలు. అయ్యయ్యో, టేకు బల్లని ఎంత పాడుచేశారని నిజంగా బాధపడ్డాడు. ఒక్కో గాటులో లప్పం కూరాడు. ఆరనిచ్చాడు. గరుకు కాగితంతో అరిచెయ్యి మండేదాకా రుద్దాడు. దాని మీద తొమ్మిది పూతలు పాలిష్. ఆ అంచు మీద వేలు పెడితే జర్రున జారిపోయేలా తయారయ్యాక, కళ్ళు మూసుకుని నిమిరి చూసుకుని, ఎక్కడా ఏమీ తగలడం లేదని సంతోషించాడు. కళ్ళు మూసుకుని మరీ చూశాడే! ఏమీ తగలకపోవడమే అక్కకి చావుదెబ్బ అని ఆ మూసుకున్న కళ్ళకి తట్టలేదు.

జేబులో ఫోన్ గుర్రుమంది. పాత మిషన్ల సరదా ఉన్నవాళ్ళందరూ కలిసి పెట్టుకున్న గ్రూపు. నిన్న సాయంత్రం అందులో అక్క మిషను ఫోటోలు రెండు పెట్టాడు, ముందొకటి, తర్వాతొకటి. పొద్దుట్నుంచీ పొగడ్తలే. అద్భుతం గురువుగారూ, మీ చేతిలో ఏదో ఉందండీ, కొత్త పెళ్ళికూతురిలా ఉంది. పొద్దున ఒక్కోటీ రెండేసిసార్లు చదువుకున్నాడు, భార్యకి చదివి వినిపించాడు కూడా. ఇప్పుడు తెరిస్తే మెచ్చుకోళ్ళ పైన తన రాతే కనిపించింది. మొదటి ఫోటో కింద తను రాసిన వాక్యం. "యాభై ఏళ్ళ నిర్లక్ష్యం." ఆ మాట దొరికినందుకు నిన్న ఎంత గర్వపడ్డాడు! ఎవరి నిర్లక్ష్యంరా? రోజుకి పది గంటలు ఆ బల్ల ముందు కూర్చున్న మనిషిదా? శనివారం శనివారం ఈకతో ప్రతి కంతలోనూ నూనె వేసి, పసిపిల్ల ముక్కు తుడిచినంత శ్రద్ధగా తుడిచి, సూది కింద గుడ్డముక్క పెట్టి గానీ లేవని మనిషిదా? అమ్మ పోయేనాటికి తనకి ఆరేళ్ళు, అక్కకి పద్దెనిమిది. అప్పట్నుంచీ ఇంట్లో పొయ్యి మీదకీ, తన బళ్ళోకీ, ఆ తర్వాత కాలేజీకీ ఆ సూది కింద నుంచే వచ్చింది అంతా. ఆ వాక్యాన్ని నూట ఎనభై మంది చదివారు. అందులో ఒక పెద్దమనిషి, పాపం మంచి ఉద్దేశంతోనే, ఇలాంటి చేతకానివాళ్ళ చేతుల్లో ఇంకా ఎన్ని మిషన్లు పాడవుతున్నాయో అని రాశాడు. దానికి తను చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. అవును, పెట్టాడు. తుడిచేద్దామని వేలు తీసుకెళ్ళి ఆగిపోయాడు. తుడవడం ఒక్కటే కదా వచ్చింది నీకు, ఇది కూడా తుడిచెయ్, అంది లోపల్నుంచి ఎవరో, అచ్చం అక్క గొంతుతో.

మూడూ ఇరవై. బయట ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. కిటికీకి అక్క కుట్టిన కర్టెను, అంచు మడత ఎంత తిన్నగా ఉందంటే స్కేలు పెట్టి గీసినట్టు. స్కేలుతో గీతలు గీసే ఉద్యోగం తనది. మనుషుల స్థలాల మధ్య గొలుసు పరిచి, రాళ్ళు పాతించి, ఇది నీది ఇది నీ తమ్ముడిది అని తేల్చి చెప్పే ఉద్యోగం. ఒకసారి ఒక రైతు తన హద్దురాయి పక్కవాడు పీకేశాడని ఆఫీసు గుమ్మంలో కూలబడి ఏడిస్తే, ఎంత కోపమొచ్చిందో, జీపు వేసుకుని వెళ్ళి ఆ పక్కవాణ్ణి నిలబెట్టి అడిగాడు. "రాయే కదండీ, దున్నడానికి అడ్డమొస్తోందని తీశాను, పాత రాయి, దాని మీద ఏమీ రాసి కూడా లేదు" అన్నాడు వాడు. ఏమీ రాసి లేకపోతే రాయి కాకుండా పోతుందా అని నలుగురిలో గడ్డి పెట్టాడు. ఆ మొహం ఇప్పటికీ గుర్తు, నిజంగానే ఏం తప్పు చేశాడో తెలియని మొహం. కిటికీ అద్దంలో తన నీడ చూసుకుంటే అదే మొహం కనబడింది, ఇంత బతుకూ బతికి.

ఇంతకీ ఆ గాట్లు తనకి తెలియవా? మొదటి ఫోటో మళ్ళీ తెరిచి, రెండు వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. చిన్న గాట్లు వరసగా ఉన్నాయి, అంగుళానికొకటి. పెద్దవి మాత్రం వరసలో లేవు. మధ్యలో ఎక్కడో మొదలై కుడివైపుకి జరుగుతూ పోయాయి, మొదట దూరం దూరంగా, తర్వాత దగ్గర దగ్గరగా, చివర రెండూ దాదాపు ఒకదాన్నొకటి ఆనుకుని. లెక్కపెట్టాడు. పదిహేను. ఎడమ మూల దగ్గర టేకు అరిగి కొంచెం గుంటపడి ఉంది, అక్కడెవరో మాటిమాటికీ ఏదో ఆనించినట్టు. ఆ గుంటని కూడా లప్పంతో నింపాడు తను, రెండుసార్లు. గుంట. మూల. అక్కడ ఆనించింది... భుజం. ఒరే భుజం ఆనించరా మూలకి, చెయ్యి చాపు, ఊఁ, తిన్నగా, నవ్వకు, నవ్వితే అరంగుళం తేడా వస్తుంది. బడి తెరిచేముందు ఏటేటా. బల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఎడమ భుజం మూలకి ఆనించి, అంచు వెంట చెయ్యి చాపితే, అక్క మణికట్టు ఎముక మీద వేలు పెట్టి చూసి, దాని పక్కన బ్లేడుతో ఒక్క నొక్కు నొక్కేది. చెక్కలో బ్లేడు దిగిన కిర్రుమనే చప్పుడు చేతి ఎముకలోకి తెలిసేది. టేపుతో కొలవచ్చుగా అక్కా అంటే, టేపులో అంకె మర్చిపోతాను, బల్ల మర్చిపోదు అనేది. ఏడో ఏట మొదలు ఉద్యోగంలో చేరేదాకా, మధ్యలో చెయ్యి ఎదగని ఏళ్ళు తప్పించి, పదిహేను చొక్కాల చేతులు. అవీ ఆ పెద్ద గాట్లు. ఎలక కొరికినట్టున్నాయన్నాడు వాటిని. తన చేతినే తను గుర్తుపట్టలేదు, లప్పం పూశాడు.

తొక్కుడు మిషను చప్పుడు ఎక్కడా లేకపోయినా ఆ గదిలో అది వినబడుతూనే ఉంది. దాని వెంట, తలుచుకోకూడదని నలభై ఎనిమిదేళ్ళుగా తప్పించుకు తిరుగుతున్నది, తోవలో ఎదురైన అప్పులవాడిలా వచ్చి ఎదురుగా నిలబడింది. లేబుల్. పద్నాలుగేళ్ళప్పుడు. క్లాసులో అందరివీ షాపులో కొన్న చొక్కాలు, కాలరు లోపల రంగుదారంతో కంపెనీ పేరు. ఒకడు వెనక బెంచీ నుంచి తన కాలరు తిప్పి చూసి, వీడిదేంట్రా బోడిగా ఉంది అన్నాడు. ఆ సాయంత్రం ఎవరో పారేసిన చొక్కా నుంచి ఒక లేబుల్ కత్తిరించి తెచ్చి, వెనక గదిలో తలుపేసుకుని, అక్క కుట్టిన చొక్కా కాలరుకి నాలుగు పోట్లు పొడిచి కుట్టేశాడు. మర్నాడు తనే అడక్కుండా కాలరు తిప్పి చూపించుకున్నాడు. పెద్ద షాపులో కొన్నామన్నాడు. రెండు రోజులకి అక్క ఆ చొక్కా ఉతికింది. ఉతికేవాళ్ళకి కాలరు కనబడకుండా ఉంటుందా? ఆ రాత్రి అన్నం సయించలేదు, తిడుతుందనుకున్నాడు, ఏడుస్తుందేమోనని ఇంకా భయపడ్డాడు. అక్క ఏమీ అనలేదు. పొద్దున చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీ మీద పెట్టి ఉంది. కాలరు లోపల, వంకరగా తను పొడిచిన పోట్లన్నీ విప్పేసి, ఆ లేబుల్‌ని తిన్నగా పెట్టి, అదే రంగు దారంతో, కుట్టిందని తెలియనంత సన్నగా మిషను మీద కుట్టింది. మరుసటేడు కొత్త చొక్కాకి, అడగకుండానే, పాతదాన్నుంచి విప్పి అదే లేబుల్ వేసింది. ఆ పై ఏడు కూడా. ఒక్క మాట ఇటునుంచి అటు పోలేదు, అటునుంచి ఇటు రాలేదు. ఒక్కసారి, పోనీ ఉద్యోగమొచ్చాకైనా, పోనీ మొన్నైనా, అక్కా ఆ లేబుల్ విషయం అని మొదలుపెట్టి ఉండొచ్చు. టీ బాగుందక్కా అనేవాడు.

లేచి దుప్పటి తీశాడు. దొంగతనానికొచ్చినట్టు గుమ్మం వంక ఓసారి చూశాడు. కిటికీ వెలుతుర్లో మిషను ధగధగ మెరిసిపోతోంది, చూస్తే కళ్ళు తిరుగుతాయి, అంత బాగుంది. అంత బాగుండటమే భరించలేకపోయాడు. మెడ మీద బంగారు అక్షరాలు, ఏనాడో అక్క మోచేతి రాపిడికి అరిగి మాసిపోయిన కంపెనీ పేరు, ఎక్కడెక్కడో వెతికించి తెప్పించి, ఊపిరి బిగబట్టి పట్టకారుతో అంటించిన స్టిక్కరు. అది చూడగానే తల కొట్టేసినట్టయింది. మళ్ళీ అదే పని. అక్క చేతి పని మీద పరాయి పేరు, తలుపేసుకుని, తనే. పోనీ అబద్ధం చెబితే? బల్లకి చెద పట్టిందక్కా, అంచు తీసెయ్యాల్సొచ్చింది. నమ్ముతుంది, తను చెబితే నమ్ముతుంది, అదే కదా దరిద్రం. పోనీ ఈ అరగంటలో గాట్లు మళ్ళీ పెట్టేస్తే? సొరుగు లాగి చాకు కోసం వెతికాడు, ఫోటోని అంచు పక్కన పట్టుకున్నాడు. అంగుళం కొలవాలంటే టేపుంది, ముప్ఫై నాలుగేళ్ళ అనుభవముంది, కానీ అక్క వేలికి ఏ గాటు ఎంత లోతుండాలో, ఏది రెండు గీతలు, ఏది ఒంటి గీత, ఎక్కడ తడిమితే ఏమని తెలుస్తుందో ఏ ఫోటో చెబుతుంది? కళ్ళు మూసుకుని, చక్రం మీద చెయ్యి వేసి, తొక్కుడు మీద పాదం పెట్టి, అంచు తడిమాడు. జర్రున జారింది. ఇంకోసారి. జర్రున. చీకట్లో పట్టుకోడానికి పిసరంతైనా ఆధారం లేదు. రేపు పొద్దున అక్క ఇక్కడ కూర్చుని ఇలాగే తడుముకుంటుంది. కన్ను పోయిందంటే బాధపడని మనిషి అప్పుడు బాధపడుతుంది.

గేటు చప్పుడైంది. నాలుగింటికి ఇంకా పది నిమిషాలుంది, ఇంత తొందరగా వచ్చేశారేంటి అని కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో. చాకు సొరుగులో పడేసి, దుప్పటి కప్పబోయి, కప్పకుండా, చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మేనకోడలు చెయ్యి పట్టుకుని అక్క గడప దాటింది. "చిన్నోడు వచ్చాడా? పాలిష్ వాసన గేటు దాకా కొడుతోంది" అంది నవ్వుతూ. మేనకోడలు మిషను చూసి, "అబ్బ! ఎంత బా..." అని, చూపు బల్ల అంచు మీదకి రాగానే ఆగిపోయి, అతని వంక చూసింది. ఆ చూపుకి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అక్క అప్పటికే కూతురి చెయ్యి వదిలేసి, తన ఇంట్లో తన తోవ తనకి తెలుసు కాబట్టి నాలుగడుగులు వేసి, స్టూలు లాక్కుని మిషను ముందు కూర్చుంది. కుడి చెయ్యి అంచు మీదకి వెళ్ళింది. జారింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ మెల్లగా, ఈ మూల నుంచి ఆ మూలకి. తర్వాత సూది పక్కకి వెళ్ళి, ఇనుము మీద చుక్కల కోసం గుండ్రంగా తిరిగింది. నవ్వు మొహం మీద అలాగే ఉంది గానీ అందులో మనిషి లేదు.

"అక్కా, నేనే చెరిపేశాను" అన్నాడు. చెద అని గానీ, తెలియక అని గానీ అనకుండా ఎలా వచ్చిందో వచ్చేసింది ఆ మాట. "గాట్లూ, చుక్కలూ అన్నీ. కళ్ళున్నాయి, చూశాను, పాడైపోయిందనుకుని పూడ్చేశాను. ఫోటోలు తీసి నలుగురికీ చూపించి, నిర్లక్ష్యం చేశారని కూడా రాశాను."

అక్క చేతులు మిషను మెడ మీదుగా పాకి ఒకచోట ఆగాయి. ఎంత పల్చటిదైనా స్టిక్కరు అంచు వేలికి తగిలింది. గోటితో మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళింది.

"ఇదేంట్రా?"

"కంపెనీ పేరు అక్కా."

"లేబులా." గోరు ఇంకా దాని మీదే ఉంది. "ఈసారైనా తిన్నగా పెట్టావా?"

పద్నాలుగేళ్ళ వయసులో రావాల్సిన ఏడుపు అతనికి అరవై రెండేళ్ళకి వచ్చింది. మేనకోడలికి ఏమీ అర్థం కాక ఇద్దరి మొహాలూ చూస్తోంది.

"చెప్పాను కదరా ఇంకేం ముట్టుకోవద్దని" అంది అక్క. గొంతులో కోపముంది, దాచుకోలేదు కూడా. "ఏడాది పట్టింది నాకు, ఏ గాటు ఏదో వేలికి అలవాటు కావడానికి." తర్వాత సొరుగులో చెయ్యి పెట్టి, బాబిన్ల కిందా గుండీల కిందా కెలికి, కాగితంలో చుట్టిన బ్లేడు తీసింది. "రా. చెయ్యి చాపు."

"టేపు తెస్తానక్కా, నేను కొలిచి..."

"టేపు నేనేం చేసుకోను? నీ చెయ్యి ఇరవై మూడున్నర. ఎముక పెరగదుగా ఇంక. ఆ ఒక్కటీ దొరికితే మిగతావి నేను పెట్టుకుంటాను. కూర్చో."

బల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మోకాళ్ళు టపటపమన్నాయి. చొక్కా చెయ్యి పైకి లాక్కుని, లప్పంతో తను నింపేసిన మూలకి ఎడమ భుజం ఆనించి, తొమ్మిది పూతల మెరుపు మీద చెయ్యి చాపాడు. అక్క వేళ్ళు భుజం దగ్గర మొదలై, మోచెయ్యి దాటి, మణికట్టు ఎముక దొరికేదాకా వచ్చి ఆగాయి. బ్లేడు అంచు ఎముక పక్కన చల్లగా తగిలింది. అతను కళ్ళు తుడుచుకోబోయి కుడి చెయ్యి ఎత్తాడు.

"కదలకు" అంది అక్క. "అరంగుళం తేడా వస్తుంది."